జబ్బు గురించి నిండుగా, మనిషి గురించి పొదుపుగా

ప్రశ్న: మాది హన్మకొండ. మా బాబుకు తొమ్మిదేళ్లు. థలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు, అని ఏడాది నిండకముందే తెలిసింది. మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కిస్తున్నాం. అక్కడ కలిసే ఒక తల్లి, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఈమెయిల్ ద్వారా మాట్లాడుకునే గ్రూపు ఒకటి ఉందని, అందులో చేరమని చెప్పింది. చేరడానికి ఒక ఫారం నింపాలి. అందులో నా పేరు, బాబు పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, సెల్ నంబరు, బాబు ఫోటో, ఆధార్ కాపీ అడిగారు. మా మరిది మాత్రం ‘ఇంటి సంగతి నలుగురిలో పెడతారా వదినా, రేపు అమ్మాయికి సంబంధాలు రావద్దా’ అంటున్నాడు. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మా ఆయన ఏ సంగతీ తేల్చడం లేదు. పేరు మార్చి చేరితే మోసం అవుతుందా? నేను రాసేది ఎవరెవరు చదువుతారు? గూగుల్‌లో వెతికితే దొరుకుతుందా? నచ్చక బయటికి వచ్చేస్తే రాసినవన్నీ పోతాయా? నాకు రాయడం పెద్దగా రాదు, ఊరికే చదువుతూ ఉంటే ఏమైనా అనుకుంటారా? నా పేరు వేయకండి.
— ఒక తల్లి, హన్మకొండ

సమాధానం: అమ్మా, పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. అయితే మీ ఉత్తరం నాకు చేరిన తీరులోనే మీ ప్రశ్నలకు సగం జవాబు ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. మీరు దానిని మీ ఆయన దుకాణం పేరుతో ఉన్న జీమెయిల్ ఖాతా నుంచి పంపారు. పంపినవారి పేరు ఉండవలసిన చోట దుకాణం పేరు కనిపించింది. ఉత్తరం అడుగున, బిల్లులు పంపడానికి ఎప్పుడో ఎవరో అమర్చి పెట్టిన నాలుగు వరుసలు వాటంతట అవే వచ్చి చేరాయి: దుకాణం ఉన్న వీధి, రెండు సెల్ నంబర్లు, జీఎస్టీ నంబరు. ‘ఒక తల్లి’ అని మీరు సంతకం చేసిన చోటికి రెండు వేళ్ల కింద ఇవన్నీ ఉన్నాయి. ఉత్తరం మధ్యలో బాబు చదివే బడి పేరు, మీ కాలనీ పేరు కూడా రాశారు; ప్రచురించేముందు వాటిని నేను తీసివేశాను. గ్రూపుకు ఇదే ఖాతా నుంచి ఇలాంటి ఉత్తరమే వెళితే తీసివేసేవారు ఎవరూ ఉండరు, అది ఉన్నదున్నట్టుగా సభ్యులందరికీ చేరుతుంది.

గ్రూపులో చేరమనే నా సలహా. పదేపదే రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుందని, దానిని బయటికి పంపే మందు రోజూ తప్పకుండా వేయాలని డాక్టరు గారు చెబుతారు. కానీ ఆ మందు అంటేనే మొహం తిప్పుకునే పిల్లవాడిచేత ఏళ్ల తరబడి దానిని ఎలా మింగించాలో, రక్తం ఎక్కించిన రోజున బడి పోతే చదువు ఎలా సర్దుకోవాలో, అదే కష్టం పడుతున్న ఇంకొక తల్లి చెప్పినంత వివరంగా ఎవరూ చెప్పలేరు. మందు మోతాదు మార్చే మాట వచ్చినప్పుడు మాత్రం గ్రూపును కాదు, మీ డాక్టరును అడగండి. కాబట్టి చేరండి, కాకపోతే ఈ ఫారంతో కాదు, ఈ ఖాతాతో కాదు. జబ్బు గురించి ఎంత వివరంగా రాస్తే అంత మేలు జరుగుతుంది, మీకూ తోటివారికీ. ఆ జబ్బు ఉన్న పిల్లవాడు ఎవరన్నది చెప్పడం వల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు. ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకుంటే మీ ప్రశ్నల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

ముందుగా ఈ గ్రూపు కోసమే మీకంటూ ఒక కొత్త ఈమెయిల్ ఖాతా తెరవండి. మన ఇళ్లలో చాలా చోట్ల ఇల్లంతటికీ ఒకటే ఖాతా నడుస్తుంది. దుకాణం లెక్కలు, అమ్మాయి హాల్‌టికెట్టు, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోకే వస్తాయి. దానితో గ్రూపులో చేరితే గ్రూపువారికి దుకాణం తెలుస్తుంది, దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తాకు గ్రూపు తెలుస్తుంది. తమలాంటివారే చదువుతారని నమ్మి తల్లిదండ్రులు రాసుకున్న మాటలు అతని కంట పడటం వాళ్లకు చేసిన అన్యాయం అవుతుంది. గోప్యత విషయంలో మనకు తోటి సభ్యుల పట్ల కూడా బాధ్యత ఉంటుందన్నది చాలామందికి తట్టదు. కొత్త ఖాతా తెరిచేటప్పుడు గూగుల్ సెల్ నంబరు అడగవచ్చు. ఇచ్చినా అది మీరు పంపే ఉత్తరాల్లో ఎవరికీ కనిపించదు. ఎదుటివారికి కనిపించేవి మీ ఈమెయిల్ చిరునామా, పేరు అన్న గడిలో మీరు నింపినది, పెట్టుకుంటే మీ ఫోటో. చిరునామాలో బాబు పేరునో పుట్టిన సంవత్సరాన్నో ఇరికించకండి. ఫోనులో రెండు ఖాతాలు ఉన్నప్పుడు ఉత్తరం రాసే చోట పై వరుసలో ఏ చిరునామా ఉందో పంపేముందు ఒకసారి చూడండి. చాలామంది గుట్టు ఆ ఒక్క వరుస దగ్గరే బయటపడుతుంది.

దీనికంటే వాట్సాప్ గ్రూపు సులువు కదా అని ఎవరైనా అనవచ్చు. వాట్సాప్‌లో చేరిన క్షణం నుంచి మీ సెల్ నంబరు అందరి ముందూ ఉంటుంది, ఆ నంబరు మీ బ్యాంకుకూ ఆధార్‌కూ ముడిపడి ఉంటుంది. ఈమెయిల్‌లో మీకు కావలసినట్టు వేరే చిరునామా పెట్టుకునే వీలుంది.

ఇక ఫారం సంగతి. గ్రూపు నడిపేవారు చేరేముందు ప్రశ్నలు అడగడాన్ని నేను తప్పుపట్టను. అడగకుండా వచ్చినవారినందరినీ చేర్చుకునే గ్రూపు అయితే చేరవద్దనే చెబుతాను. జబ్బుతో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఒకచోట చేరారని తెలిస్తే పసరు మందుతో నయం చేస్తామనేవారు, మూలకణాల పేరు చెప్పి లక్షలు అడిగేవారు, విరాళాల పేరుతో ఫోటోలు ఏరుకునేవారు ముందుగా వచ్చి కూర్చుంటారు. వారిని గడప దాటనివ్వకుండా చూడటం నిర్వాహకుల పని. అందుకు వారికి తెలియవలసింది ఏమిటి? మీరు తల్లా, బంధువా, వైద్యురాలా. గ్రూపు గురించి మీకు ఎవరు చెప్పారు. నియమాలు ఒప్పుకుంటున్నారా లేదా. మీ ఊరు ఏ ప్రాంతమో అడిగినా అర్థం ఉంది. అంతకు మించి పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, ఆధార్ కాపీ అడగడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదు. ఇవన్నీ ఒకరి ఇంట్లోని కంప్యూటరులోనో, ఏదో ఆన్‌లైన్ పట్టికలోనో పడి ఉంటాయి. ఆ పట్టిక తెరిచే వీలు ఎంతమందికి ఉందో, నిర్వాహకుడు మారితే అది ఎవరి చేతికి పోతుందో చాలా సందర్భాల్లో నడిపేవారికే స్పష్టంగా తెలియదు. వారు చెడ్డవారు కావలసిన అవసరం లేదు. ఎక్కడో చూసిన ఫారాన్ని తెచ్చి పెట్టుకుని ఉంటారు, అంతే.

కాబట్టి ఫారం నింపడానికి బదులు నిర్వాహకులకు నేరుగా ఒక ఉత్తరం రాయండి. మీకు రాయడం రాదన్నారు కాబట్టి నమూనా ఇస్తున్నాను, కావలసినట్టు మార్చుకోండి:

‘నమస్కారం. నేను థలసీమియా మేజర్ ఉన్న పిల్లవాడి తల్లిని. మేము ఉత్తర తెలంగాణలో ఉంటాం. రక్తం ఎక్కించే చోట పరిచయమైన మీ సభ్యురాలు ఒకరు గ్రూపు గురించి చెప్పారు. గ్రూపు నియమాలు పాటిస్తాను. ఫారంలో అడిగినవాటిలో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, ఆధార్, ఇంటి చిరునామా ఇవ్వదలచుకోలేదు. నేను తల్లినేనని మీరు రూఢి చేసుకోవాలంటే ఒకసారి ఫోనులో మాట్లాడటానికి అభ్యంతరం లేదు. సభ్యుల వివరాలు ఎవరెవరు చూడగలరో, గ్రూపులోని ఉత్తరాలు బయటివారికి కనిపిస్తాయో లేదో దయచేసి తెలియజేయండి.’

దీనికి వచ్చే జవాబే గ్రూపు ఎలాంటిదో చెబుతుంది. ‘సరేనమ్మా, అవి అక్కరలేదు’ అని మీ ప్రశ్నలకు వివరంగా బదులిస్తే నిస్సంకోచంగా చేరండి. ‘అన్నీ ఇస్తేనే చేరండి, లేకుంటే వద్దు’ అని విసుక్కుంటే ఆ గ్రూపును వదిలేయండి. హైదరాబాదులో 1998 నుంచి పనిచేస్తున్న థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలను గానీ, మీ బాబును చూసే డాక్టరును గానీ అడిగితే నమ్మదగిన వేరే కూడలి ఏదైనా చెప్పగలుగుతారు.

ఎవరు చదువుతారన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే అది ఏ గ్రూపుకు ఆ గ్రూపు ఎంచుకునే సంగతి. ఇప్పుడు ఇలాంటివి ఎక్కువగా గూగుల్ గ్రూప్స్ మీద నడుస్తున్నాయి. అందులో ఎవరు చేరవచ్చు, ఉత్తరాలు ఎవరు చదవవచ్చు, సభ్యుల జాబితా ఎవరు చూడవచ్చు అనేవి మూడు వేర్వేరు మీటలు. ఒకటి బిగించి ఇంకొకటి వదులుగా ఉంచే వీలుంది. చేరడానికి అనుమతి కావలసిన గ్రూపులో కూడా పాత ఉత్తరాలు లోకమంతటికీ తెరిచి ఉండవచ్చు. అనుమతి అడుగుతున్నారు కదా, లోపల భద్రంగానే ఉంటుందని జనం పొరబడేది సరిగ్గా ఇక్కడే. దీనిని మీరే పరీక్షించుకోవచ్చు. ఏ ఖాతాతోనూ లాగిన్ కాకుండా, బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి గ్రూపు లింకు నొక్కండి. ఉత్తరాలు కనిపిస్తే ఆ గ్రూపు నాలుగు రోడ్ల కూడలిలో ఉన్నట్టే, అందులో రాసింది గూగుల్ వెతుకులాటలోనూ తేలవచ్చు. లాగిన్ అడిగితే కొంత నయం. ఇంకా అనుమానముంటే మీకు గ్రూపు గురించి చెప్పిన తల్లిని అడగండి: సభ్యుల జాబితా ఆమెకు కనిపిస్తోందా, అందులో తక్కినవారి ఈమెయిల్ చిరునామాలు కనిపిస్తున్నాయా అని. అయినా ఒక మాట గుర్తుంచుకోండి, జాబితా మూసి ఉన్నా మీరు ఉత్తరం రాసిన నాడు మీ పేరూ చిరునామా ఆ ఉత్తరంతోపాటే అందరికీ వెళతాయి.

‘నచ్చక బయటికి వచ్చేస్తే రాసినవన్నీ పోతాయా’ అన్నారు. పోవు. ఈమెయిల్ గ్రూపుకూ వెబ్‌సైటుకూ ఉన్న తేడా ఇదే. వెబ్‌సైటులో రాసిన మాట ఒక చోట ఉంటుంది, అక్కడ చెరిపితే చెరుగుతుంది. గ్రూపుకు రాసిన ఉత్తరం, అందులో 300 మంది సభ్యులుంటే, 300 ఇన్‌బాక్సుల్లోకి నకళ్లుగా వెళ్లిపోతుంది. గూగుల్ గ్రూప్స్‌లో సాధారణంగా ఎవరు రాసిన ఉత్తరాన్ని వారు తొలగించుకోవచ్చు. కానీ తొలగేది గ్రూపు దస్త్రం నుంచి మాత్రమే, నకళ్ల మీద మీకు అధికారం లేదు. యాహూ గ్రూప్స్ ఉదాహరణ చూడండి. ఒకప్పుడు తెలుగువారి సాహిత్య చర్చలతో సహా ఎన్నో రకాల గ్రూపులు దాని మీద నడిచాయి. 2019 డిసెంబరులో అందులోని పాత దస్త్రాలన్నిటినీ యాహూ తీసివేసింది, 2020 డిసెంబరు 15న ఆ సేవనే ఆపేసింది. దాచుకోవాలనుకున్నా, గడువులోపు ఆ సంగతి తెలియనివారికి దారి మూసుకుపోయింది. అదే సమయంలో పోతాయేమోనన్న ఆదుర్దాతో ఔత్సాహికులు అనేక గ్రూపుల దస్త్రాలను ముందే నకలు చేసి దాచారు. కావాలన్నవారికి దొరకలేదు, పోవాలన్నవారికి పోలేదు. కనుక ఎప్పుడైనా బయటికి రావాలనుకుంటే ముందు లోపలికి వెళ్లి మీ ఉత్తరాలు తొలగించుకోండి, ఆ తరువాతే సభ్యత్వం వదలండి. వదిలాక లోపలికి వెళ్లే దారి ఉండకపోవచ్చు. సభ్యత్వం వదలడానికి గ్రూపు నుంచి వచ్చే ఉత్తరాల అడుగున లింకు ఉంటుంది. కొత్త ఖాతాను రెండేళ్లపాటు ముట్టకుండా వదిలేస్తే గూగుల్ దానిని తొలగించే నియమం కూడా ఉంది. ఖాతా పోతే, మీరు రాసినవి మీవేనని చెప్పుకుని తీసేయించుకోవడం కష్టమవుతుంది. అప్పుడప్పుడు తెరిచి చూస్తూ ఉండండి.

చెరిపే మార్గం నమ్మదగినది కాదు కనుక రాసేటప్పుడే జాగ్రత్తపడాలి. తోటి తల్లిదండ్రులకు ఉపయోగపడే వివరాలు ఏమిటో ఆలోచించండి: పిల్లవాడి వయసు, బరువు, ఎన్ని వారాలకు ఒకసారి రక్తం ఎక్కిస్తున్నారు, ఎక్కించేముందు హిమోగ్లోబిన్ ఎంత ఉంటోంది, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే అంకె) ఎంత, ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారు. ఇవి నిర్మొహమాటంగా రాయండి. బడి పేరు, ఆసుపత్రి పేరు, ఎక్కించిన తేదీ, డాక్టరు గారి పేరు, కాలనీ పేరు — వీటివల్ల జవాబు మెరుగుపడదు. ఇవి విడివిడిగా చూస్తే ప్రమాదం లేనివిగానే అనిపిస్తాయి, నాలుగు ఉత్తరాల్లో నాలుగు ముక్కలుగా రాసినవి కలిపి చదివితే మాత్రం మనిషి దొరికిపోతాడు. హన్మకొండ, వరంగల్, కాజీపేట కలిపి పెద్ద నగరమే అయినా, సంబంధాలు విచారించే వేళ అది ఒక వాడంతే ఉంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. హన్మకొండ అని రాయడానికి బదులు ఉత్తర తెలంగాణ అంటే సరిపోతుంది. ఏ ఊళ్లో ఏ సదుపాయం ఉందో అడగవలసి వచ్చినప్పుడు ఊరి పేరు తప్పదు. ఆ ఒక్క ఉత్తరంలో తక్కినవి తగ్గించండి.

ల్యాబు రిపోర్టును ఫోటో తీసి జతచేయడం అలవాటుగా మారింది. దయచేసి మానండి. ఆ కాగితం పైభాగంలో బాబు పేరు, వయసు, మీ సెల్ నంబరు, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు, పంపిన డాక్టరు పేరు, ఒక మూల బార్‌కోడు ఉంటాయి. ఫోనులోని పెన్నుతో నల్లగా గీసి పంపుతారు కొందరు. ఆ సిరా కొన్నిసార్లు పలుచనిది, వెలుతురు పెంచితే కింది అక్షరాలు కనిపిస్తాయి. పీడీఎఫ్ మీద నల్ల పట్టీ వేసినా, చాలాసార్లు దాని అడుగున అక్షరాలు అలాగే ఉంటాయి. చూడవలసినవి నాలుగు అంకెలే కదా, వాటిని టైపు చేయండి.

అలాగే జవాబిచ్చే మీట దగ్గర తొందర పనికిరాదు. రిప్లై నొక్కితే ఉత్తరం రాసిన ఒక్కరికే వెళ్లాలా, గ్రూపు అందరికీ వెళ్లాలా అన్నది గ్రూపు యజమాని ఎంపిక. చాలా గ్రూపుల్లో అందరికీ వెళుతుంది. ఒక తల్లితో విడిగా మాట్లాడాలనుకుంటే రిప్లై నొక్కకండి, కొత్త ఉత్తరం తెరిచి ఆమె చిరునామా మీరే టైపు చేయండి. విడిగా మాట్లాడుకున్న ఉత్తరాన్ని తరువాత గ్రూపుకు పంపవలసి వస్తే, మీ జవాబు కింద జీమెయిల్ చూపే మూడు చుక్కల మీద నొక్కి చూడండి. అంతకుముందు మీరిద్దరూ రాసుకున్నదంతా అక్కడ మడిచి ఉంటుంది. మీకు కనిపించనిది చదివేవారికి కనిపిస్తుంది.

పేరు మార్చుకోవడం గురించి అడిగారు. కలం పేరుతో రాయడం తెలుగువారికి కొత్త కాదు, అది మోసమూ కాదు. ఇంకొకరి పేరు పెట్టుకుని వారే మీరని నమ్మించి లాభం పొందితే అది నేరం. ఐటీ చట్టం 66డి సెక్షను కింద అలా మారువేషంలో మోసం చేసినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ‘బాబు అమ్మ’ అనో, మీకు నచ్చిన మరో పేరుతోనో రాసుకోవడం దాని కిందికి రాదు. నిర్వాహకులకు మాత్రం అది అసలు పేరు కాదని ముందే చెప్పండి, దాచవద్దు. మారు పేరు పెట్టుకున్నా, జబ్బు గురించి రాసే ప్రతి అంకె నిజమై ఉండాలి. మీరు రాసినది చూసి ఇంకొక తల్లి తన బిడ్డ విషయంలో ఒక అంచనాకు వస్తుంది.

చట్టం కాపాడదా అన్న ఆలోచన కూడా మీకు రావచ్చు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి అక్కడినుంచి 18 నెలల గడువు ఇచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి రూఢిగా ఉండాలని ఆ చట్టం చెబుతుంది. అయితే మీకు పనికివచ్చే అంశం దాని మినహాయింపుల్లో ఉంది. ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరం కోసం వాడుకునే వివరాలకు అది వర్తించదు. ఎవరి వివరాలను వారే బహిరంగం చేసుకుంటే వాటికీ వర్తించదు. పిల్లల విషయంలో ఆ ‘వారు’ అన్న మాట తల్లిదండ్రులకూ చెందుతుంది. అంటే అందరికీ తెరిచి ఉన్న గ్రూపులో మీ అంతట మీరే బాబు పేరు రాస్తే, తరువాత ఆ చట్టం చూపి ఎవరినీ అడగడానికి వీలుండకపోవచ్చు. చట్టాన్ని నమ్ముకుని రాయకండి.

మీ మరిది మాటకు వస్తాను. ఆయనను తీసిపారేయకండి, సగం నిజం చెప్పారు. బాబు సంగతి మీరు రాయవచ్చు, ఎందుకంటే తొమ్మిదేళ్ల పిల్లవాడి తరఫున మీరే నిర్ణయించాలి. అది కూడా రేపు పదహారేళ్లు వచ్చాక వాడు చదివితే నొచ్చుకోని విధంగా రాయాలి. అమ్మాయి సంగతి అలా కాదు. ఆమె ఎదిగిన మనిషి. ఆమెలో ఈ జబ్బు లక్షణం (తనకు జబ్బు లేకపోయినా పిల్లలకు అందగల జన్యువు) ఉందా లేదా అన్న ప్రస్తావన, ఎముక మూలుగ మార్పిడి కోసం ఆమె రక్తం బాబుకు సరిపోతుందో లేదో చూసిన పరీక్ష ఫలితం, ఆమెను అడగకుండా గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయకూడదు. ఈ విషయంలో మీ మరిది సరైన మాటే అన్నారు.

తప్పు ఎక్కడంటే, నలుగురిలో చెప్పకపోవడాన్నీ చెప్పవలసినవారి దగ్గర దాచడాన్నీ ఆయన ఒకటిగా చూస్తున్నారు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ లక్షణం ఉన్నప్పుడే ప్రతి కాన్పులోనూ బిడ్డకు థలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. ఒక్కరిలోనే ఉంటే బిడ్డకు ఆ జబ్బు రాదు, ఆ ఒక్కరు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కాబట్టి అమ్మాయికి ఆ లక్షణం ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించి, ఆమెలో లక్షణం ఉన్నట్టయితే సంబంధం ఖాయం చేసుకునేముందు అబ్బాయికీ అదే పరీక్ష చేయించమని అడగడం న్యాయం. గ్రూపులోని వందలమందికి తెలియవలసిన పని లేదు, పెళ్లి చేసుకోబోయే ఆ ఒక్కరికి తెలియకపోవడం కుదరదు. ఈ మాట మీ మరిదికి మీరే చెప్పండి, లేదా డాక్టరు గారిచేత చెప్పించండి.

గ్రూపులో మీరు మొదటి ఉత్తరం రాసిన తరువాత ఎవరో ఒకరు విడిగా రాయవచ్చు. చాలామటుకు మంచివారే ఉంటారు. బాబుకు మూలుగ మార్పిడి చేయించడానికి ప్రభుత్వ సాయం ఇప్పిస్తానని, దానికి ముందుగా ఫీజు కట్టాలని, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం పంపమని అడిగేవారు కనుక తగిలితే జవాబే ఇవ్వకండి. కోల్ ఇండియా నిధులతో 2017 నుంచి థలసీమియా బాల సేవా యోజన నడుస్తున్న మాట నిజమే, మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు ఇస్తారన్నదీ నిజమే. అందుకే మోసగాళ్లు దాని పేరు వాడుకుంటే నమ్మబుద్ధి అవుతుంది. ఆ డబ్బు మధ్యవర్తుల చేతికి కాదు, మార్పిడి చేసే ఆసుపత్రికే వెళుతుంది, కనుక వివరాలు ఆసుపత్రిలోనే అడగండి. పొరపాటున డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఆ సంగతి గ్రూపు నిర్వాహకులకూ చెప్పండి, అదే మనిషి ఇంకో పది మందికి రాసి ఉంటాడు.

ఊరికే చదువుతూ ఉండటం తప్పేమీ కాదు. ఏ గ్రూపులోనైనా రాసేవారికంటే చదివేవారే ఎక్కువ. మొదటి నెల ఏమీ రాయకండి. ఎవరు ఎలా మాట్లాడుకుంటున్నారో, ఒకరి పిల్లల సంగతి ఇంకొకరు బయట మాట్లాడితే నిర్వాహకులు ఊరుకుంటున్నారో మందలిస్తున్నారో అప్పటికి అర్థమవుతుంది. ఉత్తరాలు మరీ ఎక్కువగా వస్తుంటే రోజుకు ఒక్క సంగ్రహంగా వచ్చేలా సెటింగుల్లో మార్చుకోవచ్చు. రాయాలనిపించిన రోజున ‘సహాయం కావాలి’ అని శీర్షిక పెట్టకుండా, ‘తొమ్మిదేళ్లు, బరువు 22 కిలోలు, ఫెరిటిన్ తగ్గడం లేదు, మందు వేస్తే కడుపునొప్పి’ అన్నంత సూటిగా పెట్టండి, అంకెలు మాత్రం మీ బాబువి వేసుకోండి. అదే కష్టం పడినవారు శీర్షిక చూసే తెరుస్తారు.